పిండి పులిసే గది

డిసెంబరు దగ్గరపడిందంటే జంషెడ్‌పూర్‌లో ఇడ్లీ పిండి మొండికేస్తుంది. సాయంత్రం రుబ్బి మూతపెడితే తెల్లవారి చూసేసరికి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. కద్మా మార్కెట్ మలుపులో తోపుడుబండి మీద ఇడ్లీ, దోసె అమ్ముకునే చిలకమ్మ ఆ మొండితనంతో ఎన్నో చలికాలాలు పోట్లాడింది. గిన్నెలకు బొంతలు చుట్టింది. ఆర్పిన పొయ్యి మీద పెట్టింది. ఒక ఏడాదైతే ఉన్న ఒక్క కంబళీ పిండిగిన్నెకు కప్పేసి, తాను చీరచెంగు చుట్టుకుని పడుకుంది.

"పిండి కూడా సంటిపాపలాటిదే బాబూ, ఎచ్చగుంటేనే ఎదుగుద్ది" అనేది సీతారామరావుతో.

సీతారామరావు ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. భార్య జానకీదేవి పోయి రెండేళ్లయింది. పెరట్లోని ఔట్‌హౌసు చిలకమ్మకు జానకీదేవే ఇచ్చింది. అద్దె సంగతి ఆడవాళ్లిద్దరూ ఏమనుకున్నారో ఆయనకు తెలియదు. రోజూ పొద్దున్నే నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి వంటింటి గట్టు మీద ఉండేవి. జానకీదేవి పోయాక కూడా నాలుగే ఉంటున్నాయి. ఆవిడ వాటా రెండు చిలకమ్మ తగ్గించలేదు. తగ్గించమని ఆయనా అనలేదు. ఆ రెండూ పదకొండింటికి తింటాడు.

ఇంటి వెనక గది మాత్రం ఆ ఏడాది వర్షాకాలంలో దీపక్‌కు అద్దెకిచ్చాడు. దీపక్ బాగ్‌బేరా రైల్వే కాలనీ కుర్రాడు. లాక్‌డౌన్‌లో కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజర్ ఉద్యోగం పోగొట్టుకుని, బిట్‌కాయిన్ మైనింగ్ మొదలుపెట్టాడు. బాగ్‌బేరాలో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, కద్మాలో పోదు. అందుకని ఇక్కడికి వచ్చాడు. చెప్పులపెట్టె కంటే కాస్త పెద్దవైన ఆరు ఇనప పెట్టెలు తెచ్చి వరసగా అమర్చాడు. ఎక్కడెక్కడివాళ్లో పంపుకునే ఆ కనిపించని నాణేల లావాదేవీలకు ఈ పెట్టెలు రాత్రింబగళ్లు ఏవో లెక్కలు కట్టి ముద్ర వేస్తాయట. ఆ చాకిరీకి కూలిగా నాణెంలో పిసరంత రాలుతుందట. సీతారామరావుకు అందులో అర్థమైంది ఒక్కటే: పెట్టెలు కరెంటు తింటాయి, వేడి కక్కుతాయి. ఆ రెండూ ఆయన ఉద్యోగమంతా చూసినవే. లోడు పెంచమని తనే దరఖాస్తు చేసి వేరే మీటరు పెట్టించాడు.

"కొత్తవేనా?" అని అడిగాడు పెట్టెలు దించుతున్నప్పుడు.

"సెకండ్ హ్యాండ్, అంకుల్. చైనా మాల్. అక్కడి సర్కారు మొన్న మైనింగ్ బంద్ చేసేసింది. లక్షల మెషిన్లు రోడ్డున పడ్డాయి. వాళ్లది లాస్, మన లక్."

ఒక పెట్టె మూలన చైనా లిపిలో ఏదో రాసిన కాగితం ముక్క అంటుకుని ఉంది. ఏ ఊరి కుర్రాడు ఏం రాసుకున్నాడో. సీతారామరావు దాన్ని గోకి తీసేయబోయి, ఎందుకో వదిలేశాడు.

గది సంగతి చిలకమ్మ కంటబడింది బట్టల తీగ మీద. వెనక కిటికీ దగ్గర ఆరేసిన దీపక్ చొక్కా, ఇటు తిరిగి అటు చూసేలోపు ఆరిపోతోంది.

"ఒరే దీపకూ, ఆ గదిలో కుంపటెట్టినావేటి?"

"కుంపటి కాదు పెద్దమ్మా, కంప్యూటర్లు."

"కంప్యూటర్లకి జొరమొచ్చినాదేటి?" అని ఆవిడ కిటికీలోంచి వచ్చే గాలికి అరచెయ్యి అడ్డం పెట్టింది. పెట్టిన చెయ్యి తీయలేదు. అలా నిలబడే అడిగింది, "నా పిండిగిన్నె ఇక్కడెట్టుకోనా?"

దీపక్ హడలిపోయాడు. తడి తగిలితే మెషిన్లు పోతాయన్నాడు. సీతారామరావు వచ్చి చూశాడు. పెట్టెలు గాలి పీల్చేది ఇటువైపు, వదిలేది కిటికీవైపు; వదిలిన గాలి వెనక్కి రాదు. మధ్యలో ఒక అట్టగోడ కట్టించి, కిటికీవైపు చెక్కబల్ల వేయించాడు. ఆ రాత్రి పెట్టిన పిండి తెల్లారేసరికి మూత ఎత్తేసింది. అప్పటినుంచి అది మైనింగ్ గదీ, పిండిగదీ కూడా.

*

కార్తీకంలో దీపక్ అయ్యప్ప మాల వేసుకున్నాడు. తల్లి ఇంద్రాణి మొక్కు. మొదటిసారి, కన్నిస్వామి. మాల పడ్డాక మనిషి మారకపోయినా పిలుపు మారిపోతుంది. మొన్నటిదాకా 'ఒరే' అన్న చిలకమ్మ 'స్వామీ' అంటుంది. మాల వేసుకున్నవాడికి మగవాళ్లంతా స్వాములు, ఆడవాళ్లంతా మాతలు. సీతారామరావు 'ఏమోయ్ దీపక్' అని అలవాటుగా అనేసి, నాలిక్కరుచుకుని, 'స్వామీ, మీరు గేటు గడియ పెట్టలేదు' అనేవాడు. ఇంట్లో తెలుగు వింటూ హిందీలో జవాబిచ్చే ఆ కుర్రాడికి గుడిలో పెద్దలతో కూర్చుని కూర్చుని నాలుక తెలుగుకు తిరిగింది. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. అబద్ధమాడకూడదు, కోపగించుకోకూడదు.

స్వాములు మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం చేస్తారు. సాయంత్రం అల్పాహారం. కద్మాలో తెలుగువాళ్లు కట్టుకున్న పూజామందిరంలో మండలపూజ అయ్యేదాకా ఆ అల్పాహారం చిలకమ్మది. అది ఆవిడ మొక్కు. బండి మీదివి కాక వాళ్లందరికీ ఇడ్లీలు. అంత పిండి, అదీ చలికాలంలో. ఆ ఏడాది మాత్రం ఆవిడకు ఏ బెంగా లేదు. ఇడ్లీలు దూదిపింజల్లా వస్తున్నాయి. మందిరంలో గురుస్వామి గౌరీశంకర్, రైల్వేలో గార్డుగా చేసిన పెద్దమనిషి, ఇడ్లీ వేలితో నొక్కి చూసి "చిలకమ్మ మాతా, ఇది మంచమ్మీద పరుసుకోవచ్చునే!" అన్నాడు.

అంతా బాగుందనుకుంటూ ఉండగా ఢిల్లీనుంచి కబురొచ్చింది. శీతాకాలం సమావేశాల్లో పార్లమెంటు ముందుకు రాబోయే బిల్లుల్లో ఒకటి, ప్రైవేటు క్రిప్టోకరెన్సీలన్నిటినీ ఏవో కొన్ని మినహాయింపులు ఇచ్చి నిషేధించేదట. ఆ రాత్రికి రాత్రే మనదేశపు యాప్‌లలో ధరలు గోడ కూలినట్టు కూలాయి. మర్నాడు పొద్దున దీపక్ చెమ్మ ఆరని జుట్టుతో, నుదుట గంధంతో, పేపరు పట్టుకుని సీతారామరావు దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, మీరు చదివారా? మైనింగ్ గురించి ఏమైనా రాశారా?"

"రాయలేదు స్వామీ. బిల్లులో ఏముందో ఇంకా ఎవరూ చూడలేదట."

"దేఖా కిసీ నే నహీఁ, డర్ గయే సబ్" అన్నాడు దీపక్. "ఎవరూ చూడలేదు, అందరూ భయపడ్డారు."

నిజమే. చట్టం ఇంకా పుట్టలేదు గానీ దాని నీడ ముందే వచ్చి వాకిట్లో కూర్చుంది. దీపక్‌కు ఫ్యాన్లు, వైర్లు అమ్మే సాక్చి దుకాణదారు కొత్త సరుకు తెప్పించడం మానేశాడు. ఆదిత్యపూర్‌లో షెడ్డు తీసుకుని యాభై మెషిన్లు పెడదామనుకున్న స్నేహితుడు అడ్వాన్సు వదులుకుని వెనక్కి తగ్గాడు. రాంచీలో ఒకతనికి ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు, పోలీసులొస్తారేమోనని. వాట్సాప్ గుంపులో 'మెషిన్లు అమ్మబడును' తప్ప వేరే మాట లేదు. చైనావాళ్ల మెషిన్లను చవగ్గా కొన్నవాళ్లే ఇప్పుడు తమవి చవగ్గా తీసుకునేవాడెవడా అని దిక్కులు చూస్తున్నారు.

దీపక్ నాలుగేళ్లు ఎండలో నిలబడి దాచుకున్నదంతా ఆ ఆరు పెట్టెల్లో ఉంది. బిల్లు వచ్చాక వాటిని కొనేవాడుండడు. రాకముందే అమ్ముకోవాలి. ఆ గాభరాలో ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివరికి ఒక బేరం పట్టాడు. కోల్‌కతాలో సౌమేన్‌బాబు అని, పాత మెషిన్లు కొని ఎక్కడ వద్దనరో అక్కడికి పంపే వ్యాపారి. శనివారం వచ్చి, ఆరూ చూసి, నచ్చితే అక్కడికక్కడే తీసుకుపోతానన్నాడు.

"చిలకమ్మ మాతకి మీరు చెప్పండి స్వామీ" అన్నాడు దీపక్, చూపు ఎటో పెట్టుకుని. "మండలపూజ ఇంకా దూరం ఉంది. గది చల్లబడిపోతే ఆవిడ... నేను చెప్పలేను."

"చెబుతాలే" అన్నాడు సీతారామరావు.

చెప్పలేదు. బుధవారం ఆవిడ పప్పు కడుగుతూ మందిరం కబుర్లు నవ్వుతూ చెబుతుంటే చెప్పలేకపోయాడు. గురువారం మరీ మబ్బుగా ఉంది. శుక్రవారం గట్టు మీద నాలుగు ఇడ్లీలు చూసి, రేపు చెబుదామనుకున్నాడు.

ఈలోగా చిలకమ్మకు చెప్పేవాళ్లు చెప్పారు. మందిరంలో స్వాములు మాట్లాడుకుంటుంటే వడ్డిస్తూ వింది: అలాంటి మెషిన్లు ఇళ్లలో పెట్టుకుంటే గవర్నమెంటు పట్టుకుపోతుందట.

*

శనివారం కళ్లజోడు ఫ్రేము విరిగితే అతికించుకు రావడానికి సీతారామరావు సాక్చి వెళ్లాడు. సౌమేన్‌బాబు సాయంత్రం బండికి కదా వచ్చేది. దీపక్ మధ్యాహ్నం పూజకు మందిరానికి వెళ్లాడు.

పన్నెండు దాటాక ఆటో దిగి గేటు తీసిన సీతారామరావు అక్కడే ఆగిపోయాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఎక్కడ నిలబడినా చెవిన పడే హోరు లేదు. జానకీదేవి పోయిన కొత్తలో ఉండేది ఇలాంటి నిశ్శబ్దం. ఆయన పరుగులాంటి నడకతో వెనక గదికి వెళ్లాడు.

గది తలుపు తీసి ఉంది. మెషిన్ల మీద తెల్లదుప్పటి. దుప్పటి మీద బారుగా పిండిగిన్నెలు. గిన్నెల ముందు అయ్యప్ప పటం, రెండు అగరొత్తులు. గుమ్మంలో చిలకమ్మ కొంగు నడుముకి దోపుకుని కాపలా కూర్చుంది.

"ఎల్లిపోయేడు బాబూ! పంపించేసేను!"

"ఎవరు చిలకమ్మా?"

"గవర్మెంటోడు. జేబుకి పెన్ను, సంకలో సంచీ. వచ్చీరాగానే మీటరు ఫొటో తీసేడు. నాకు తెలిసిపోనాది. దీపక్ కా మిషన్ కిధర్ హై అన్నాడు, ఎక్కడా అని. నాను ఆడికి కనపడకుండా ముందే లోపలికొచ్చి మెయిను లాగేసేను."

"మెయిను లాగేశావా!"

"మరి గోల పెడతన్నాయి కదేటి. దుప్పటి కప్పేసి, గిన్నెలెట్టేసి, బయటికొచ్చి సెప్పేను: ఇధర్ మిషన్ నై హై, ఇధర్ ఇడ్లీ హై. భగవాన్ హై. చప్పల్ ఉతారో." చిలకమ్మ గర్వంగా మూత ఎత్తి చూపించింది. "ఆడు పిండిలోకి తొంగి సూసేడు బాబూ. మిషన్ కిధర్, మిషన్ కిధర్ అని రెండుసార్లన్నాడు. తొంగి సూసి, నా మొకం సూసి, ఏదో బెంగాలీలో తిట్టుకుంటా ఎల్లిపోయేడు."

సీతారామరావు గుమ్మం పక్కన బల్ల మీద కూలబడ్డాడు. జనశతాబ్ది పొద్దున్నే వస్తుంది కోల్‌కతానుంచి. సాయంత్రం దాకా ఆగలేక ముందు బండి ఎక్కి వచ్చాడన్నమాట.

"స్వామి ఇంట్లో నేకపోడం మంచిదయింది" అంది చిలకమ్మ. "మాలేసుకున్నోడు అబద్ధమాడకూడదు కదా. అడిగితే ఉన్నాయని సెప్పేసును. అబద్ధం నానాడేను, పాపం నాకే. ఆయనకి అంటదు."

సీతారామరావుకు ఆవిడ మొహంలో వెలుగు అలాగే ఇంకాసేపు ఉండనిస్తే బాగుండుననిపించింది. కానీ గేటు చప్పుడైంది. దీపక్ ఫోను చెవికి పెట్టుకుని, నల్లపంచె ఎగ్గట్టి, ఒట్టికాళ్లతో పరుగున వస్తున్నాడు.

"సౌమేన్‌బాబు ఫోన్ కట్ చేసేస్తున్నాడు స్వామీ! 'ధోఖేబాజ్' అని, మోసగాణ్నని మెసేజ్ పెట్టాడు. ఏమైంది? మెషిన్లు ఎందుకు..."

చిలకమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ముందు చెప్పినంత ఉత్సాహంగానూ మొదలుపెట్టింది గానీ, సగంలో దీపక్ మొహం చూసి మాట నెమ్మదించింది. దీపక్ పెదవులు కదిలాయి. మెడలో మాల గుప్పిట పట్టుకున్నాడు. "స్వామియే శరణమయ్యప్ప" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి పళ్లు బిగించి అన్నాడు. తర్వాత మెయిను పైకి ఎత్తి, గిన్నెలు ఒక్కొక్కటీ జాగ్రత్తగా బల్ల మీదికి మార్చి, దుప్పటి తీసి మడతపెట్టాడు. గిన్నెలు దించేటప్పుడు చప్పుడు కూడా చేయలేదు. తిట్టినా చిలకమ్మకు అంత బాధ ఉండేది కాదు.

"ఏటైంది బాబూ?" అంది నెమ్మదిగా.

"తప్పు నాది చిలకమ్మా" అన్నాడు సీతారామరావు. "నీకు నేను చెప్పాలి, చెప్పలేదు. ఆయన గవర్నమెంటు కాదు. ఈ మెషిన్లు కొనడానికొచ్చిన మనిషి. బిల్లు రాకముందే అమ్మేసుకుందామని స్వామే పిలిపించాడు."

మెషిన్లు ఒకటొకటే తిరిగి అందుకున్నాయి. హోరు నిండాక చిలకమ్మ మాట సరిగా వినపడలేదు. "అమ్మేత్తన్నాడని సెప్తే నానేటి ఏడుత్తానా" అన్నట్టుంది. లేచి, గిన్నెలు ఒక్కొక్కటే ఎత్తుకుని తన ఔట్‌హౌసుకు పట్టుకుపోయింది.

*

ఆ రోజు నుంచి పిండి ఆ గదికి రాలేదు. పిలిస్తే "మా ఇంట్లోనే బాగా పులుత్తంది" అంది. పులవలేదని మందిరంలో అందరికీ తెలుసు. ఇడ్లీలు బిళ్లల్లా, తెల్లగా, గట్టిగా వచ్చాయి. స్వాములు ఫిర్యాదు చేయకూడదు. ఆకులో పడ్డదాన్ని శరణుఘోష చేసుకుని తినడమే. గౌరీశంకర్ గురుస్వామి ఒకటి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, "మాతా, ఇయాల ఇడ్లీలో శక్తి ఎక్కువుంది" అన్నాడు. చిలకమ్మ తల ఎత్తలేదు. ఇంకా కావాలా అనీ అడగలేదు. అయినా వరసలో కూర్చున్నవాళ్లు ఒకళ్లని చూసి ఒకళ్లు ఇంకోటి వేయించుకున్నారు.

మూడో రోజు సాయంత్రం సీతారామరావు పెరట్లో కూర్చుని ఉండగా, దీపక్ ఔట్‌హౌసులోకి వెళ్లి పిండిగిన్నె నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాడు. వెనకాలే చిలకమ్మ.

"ఒద్దు స్వామీ, ఒద్దు! నా పిండి మూలంగానే నీ బేరం పోనాది. ఆ గదిలో నానెట్టను."

"బేరం పోతే పోయింది మాతా. నిన్న గురుస్వామి గారికి పన్ను కదిలింది."

చిలకమ్మ నవ్వకూడదనుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. దీపక్ కూడా నవ్వాడు. నెత్తిమీద గిన్నె ఊగింది. సీతారామరావు లేచి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. అంత పెద్ద గిన్నె. ఇన్నాళ్లూ ఈ బరువు రోజూ ఆవిడ ఒక్కత్తే మోసేదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఆ మర్నాడు ఆయన తన ఫోను నుంచి సౌమేన్‌బాబుకు చేశాడు. కుర్రతనంలో దుర్గాపూర్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు నేర్చుకున్న బెంగాలీ కాస్త మిగిలి ఉంది. దానితో మొదలుపెట్టి హిందీతో ముగించాడు. జరిగిందంతా చెప్పాడు. అవతలనుంచి నవ్వు.

"దాదా, ఐదేళ్లుగా ఈ లైన్లో ఉన్నాను. మెషిన్ అని చెప్పి ఇటుకలు చూపించినవాడున్నాడు. ఇడ్లీ పిండి చూపించినవాళ్లు లేరు." అని, "కానీ ఇప్పుడు రాలేను. దేశమంతా నాకే అమ్ముతానంటోంది. గోదాములో కాలు పెట్టే చోటు లేదు. పార్లమెంటు సమావేశాలు అవనివ్వండి, చూద్దాం" అన్నాడు.

ఇక చూడ్డమే పని. దీపక్ రోజూ పేపరు చదవడం మానేసి సీతారామరావు చేత చదివించుకునేవాడు. పూజ చేసుకునేవాడు, మెషిన్ల దుమ్ము తుడిచేవాడు. 'ఇవాళ?' అని కళ్లతో అడిగేవాడు. 'ఇవాళ రాలేదు స్వామీ' అనేవాడు ఈయన. అలా రోజులు గడిచి, సమావేశాలు ముగిశాయి. బిల్లు సభ ముందుకు రానేలేదు.

చిలకమ్మ కొబ్బరికాయ కొట్టింది. "నా అయ్యప్ప ఊరుకుంటాడేటి!" అంది. దీపక్ మాత్రం గుమ్మంలో కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు. అప్పుడే సౌమేన్‌బాబు ఫోను చేశాడు. గోదాము కాస్త ఖాళీ అయిందట. ఆరూ తీసుకుంటాడట. అప్పటికంటే ధర తక్కువే.

"ఏం చేయమంటారు?" అని దీపక్ అడిగాడు. ఈసారి 'స్వామీ' అనడం మరిచిపోయాడు. "ఉంచనా? అమ్మనా? అంకుల్, మీరు చెప్పినట్టు చేస్తా."

సీతారామరావుకు ఉంచమనాలని ఉంది. ఉంచితే ఆ హోరు ఉంటుంది. పొద్దున్నే వెనక గది కిటికీ పక్కన కూర్చుంటే మోకాళ్లకు తగిలే వెచ్చదనం ఉంటుంది. 'బిల్లు రాలేదు కదా, ఇంకేం భయం' అనడం తేలిక. ఆ కుర్రాడు వింటాడు కూడా. వింటాడనే ఆయనకు భయం వేసింది.

"నాకు ఉంటే బాగుండుననే ఉంది" అన్నాడు చివరికి. "అందుకని నన్ను అడగకు. నా సుఖం నేను చూసుకుని చెబుతాను. బిల్లు రాలేదు సరే. పోయిందా?"

"పోలేదు" అన్నాడు దీపక్. "వచ్చే సెషన్ ఉంది. బడ్జెట్ ఉంది. టాక్స్ వేస్తారో, బంద్ అంటారో, కుఛ్ పతా నహీఁ, ఏం తెలీదు. ఉంది అంటే ఒక రకం, లేదు అంటే ఒక రకం. ఇది ఏదీ కాదు." మెడలో మాల సవరించుకున్నాడు. "ప్రతి సెషన్‌కీ మాల వేసుకోలేను కదా అంకుల్."

సీతారామరావు నవ్వాడు. దీపక్ నవ్వలేదు గానీ భుజాలు సడలాయి. పాత కాంట్రాక్టు కంపెనీవాళ్లు మళ్లీ పిలుస్తున్నారని, జనవరి నుంచి చేరతానని చెప్పాడు. లేచి సౌమేన్‌బాబుకు ఫోను చేశాడు.

"నాలుగే ఇస్తాను" అన్నాడు ఫోనులో. "రెండు కావాలి నాకు... నహీఁ దాదా, ప్రాఫిట్ కే లియే నహీఁ. కరెంటు ఖర్చు వస్తే చాలు. చలి పోయేదాకా." అవతల ఏదో అడిగినట్టున్నాడు. "హాఁ, వహీ. ఇడ్లీ" అన్నాడు దీపక్.

*

మండలపూజకు ముందురోజు సౌమేన్‌బాబు మళ్లీ జనశతాబ్దిలోనే వచ్చాడు. ఈసారి చిలకమ్మ గేటు దగ్గరికే ఎదురెళ్లి, చేతులు జోడించి, తలదించుకుని నిలబడింది. ఆయన చెప్పులు గేటు బయటే విప్పేశాడు. "చప్పల్ ఉతారా, మౌసీ" అన్నాడు, పాదాలు చూపిస్తూ. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత ఆయనకు పెట్టిన ఇడ్లీలకు లెక్కలేదు.

దీపక్ నాలుగు మెషిన్లు ఆపి, గాలితో దుమ్ము ఊది, అట్టపెట్టెల్లో పెట్టి టేపు వేశాడు. చివరి పెట్టె మూసేముందు మెషిన్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. ఇంకా వేడిగా ఉన్నట్టుంది.

"ఎక్కడికెల్తాయి బాబూ ఇవి?" అని చిలకమ్మ సీతారామరావును అడిగింది. ఆయన హిందీలో సౌమేన్‌బాబును అడిగాడు.

"కొండల మీదికి. నీళ్ల కరెంటు చవగ్గా దొరికే చోటికి. దేశం దాటాలి."

"అక్కడ ఒద్దనరేటి?"

"ఇప్పటికైతే వద్దనడం లేదు."

"రేపు అక్కడా ఒద్దంటే?"

సౌమేన్‌బాబు భుజాలు ఎగరేశాడు. "ఇంకో చోటికి పంపుతాం, మౌసీ. మా పని అదే."

సీతారామరావు ఆ మాట తెలుగులో చెప్పేసరికి చిలకమ్మ "అయ్యో" అంది. "సీనా నుంచి ఇక్కడికి, ఇక్కడ్నుంచి కొండల్లోకి. ఎక్కడా కాలు నిలవనియ్యరేటి ఈటిని?" అని గబగబా తన ఇంట్లోకి వెళ్లింది. ఆటోవాడు తొందరపెడుతున్నాడు. దీపక్, సౌమేన్‌బాబు పెట్టెలు మోసుకెళ్లి వెనక సీటులో పేర్చారు. సౌమేన్‌బాబు ముందు, డ్రైవరు పక్కన ఎక్కాడు.

చిలకమ్మ కుంకుమ భరిణె, నీళ్లగ్లాసు పట్టుకుని పరుగున వచ్చింది. వేలు నీళ్లలో ముంచి, కుంకుమ అద్ది, ఒక్కో అట్టపెట్టెకు బొట్టు పెట్టింది. ఊరెళ్లే పిల్లకు పెట్టినట్టు నిదానంగా, నాలుగింటికీ.

"ఎల్లి రండి" అంది వాటితో. "ఎక్కడ దిగితే అక్కడ నలుగురికి పనికిరండి."

దీపక్ మొహం అటు తిప్పుకున్నాడు. ఆటో స్టార్టయింది. ఆ కుదుపుకి పై పెట్టె పక్క పెట్టె మీదికి జారబోయింది. "ఆగవోయ్, ఆగు" అన్నాడు సీతారామరావు. బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆయన ఆటోలోకి వంగి, ఆ బొట్లకు ఏదీ రాసుకోకుండా పెట్టెలను ఒకదానికొకటి ఎడంగా జరిపి, తను కూడా ఎక్కి వాటి పక్కనే కూర్చున్నాడు.

"మీరెక్కడికి బాబూ?" అంది చిలకమ్మ.

"స్టేషన్ దాకా వెళ్లొస్తాను" అన్నాడాయన, పై పెట్టెను చేత్తో ఆపి పట్టుకుని. "పద."